తొలగింపు లేఖలో రాసిన కారణం తప్పైతే: దాన్ని దిద్దించుకునే పద్ధతి

ఉద్యోగం పోవడం ఒక దెబ్బ. అందుకు కాగితం మీద రాసిన కారణం నిజం కాకపోతే అది రెండో దెబ్బ, చాలాసార్లు మొదటిదానికంటే ఎక్కువ కాలం వెంటాడేదీ అదే. కొత్త కంపెనీ చేసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో, నిరుద్యోగ భృతి ఉన్న చోట ఆ దరఖాస్తులో, ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ లెక్కల్లో ఆ ఒక్క వాక్యమే ముందుకొస్తుంది.

ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి. నన్ను తీసేయడం న్యాయమేనా అన్నది ఒకటి. తీసేసినందుకు రాసిన కారణం నిజమేనా అన్నది రెండోది. మొదటిది కోర్టు దాకా వెళ్తే నెలలు, ఏళ్లు పట్టవచ్చు. రెండోదాన్ని విడిగా, ఆధారాలతో, ఫలానా వాక్యం మార్చమని అడిగితే కొన్ని వారాల్లో తేలే అవకాశం ఉంది. రెండింటినీ ఒకే లేఖలో కలిపి రాస్తే హెచ్ఆర్ దాన్ని నేరుగా లాయర్లకు పంపుతుంది, అక్కడితో మాటలు ఆగిపోతాయి. ఈ మార్గదర్శి ముఖ్యంగా రెండో ప్రశ్న గురించి.

1. మొదటి రోజు: సంతకం, నోట్సు

లేఖ చేతికిచ్చి సంతకం పెట్టమంటే పెట్టవచ్చు, కానీ సంతకం పైన మీ చేత్తో ఈ మాట రాయండి: "ఈ లేఖ నాకు అందింది. ఇందులో పేర్కొన్న కారణంతో నేను ఏకీభవించడం లేదు." కింద తేదీ, సమయం వేయండి. వెంటనే ఫొటో తీసుకోండి. ఆన్‌లైన్‌లో "అంగీకరిస్తున్నాను" అనే బటన్ తప్ప మరో దారి లేకపోతే దాన్ని నొక్కకుండా, లేఖ అందిందని, కారణంతో ఏకీభవించడం లేదని మెయిల్ పంపండి.

"మీరే రాజీనామా ఇచ్చేయండి, లేకపోతే ఫలానా కారణంతో తీసేస్తాం" అని ఒత్తిడి చేస్తే అక్కడికక్కడే ఒప్పుకోవద్దు. ఆలోచించుకోవడానికి కనీసం 24 గంటలు కావాలని మెయిల్‌లో అడగండి. రాజీనామా ఇస్తే పరువు నిలిచినట్టే అనిపిస్తుంది గానీ, చాలా దేశాల్లో దాంతో పరిహారం, భృతి, తొలగింపును సవాలు చేసే హక్కు పోవచ్చు. ఇచ్చాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

ఆ సాయంత్రమే, జ్ఞాపకం చెదరకముందే, మీటింగ్‌లో ఎవరు ఏమన్నారో వాళ్ల మాటల్లోనే రాసుకోండి. "మేనేజర్ పనితీరు బాగాలేదన్నారు" అని సారాంశం రాస్తే పెద్దగా పనికిరాదు. "నీ పని మీద కంప్లయింట్ ఏమీ లేదు, ఈ క్వార్టర్‌లో బడ్జెట్ లేదు" అని ఆయన అన్న వాక్యాన్ని యథాతథంగా రాస్తే, రేపు లేఖలో "పనితీరు లోపం" అని కనిపించినప్పుడు ఆ నోట్సే మీ మొదటి ఆధారం. ఫోన్‌లో రికార్డు చేసే ముందు మీరున్న చోట చట్టం ఏమంటుందో చూసుకోండి. కొన్ని చోట్ల అవతలివాళ్లకు చెప్పకుండా రికార్డు చేయడం నేరం.

2. కారణం ఎక్కడెక్కడ నమోదైందో వెతకడం

చాలామంది టెర్మినేషన్ లెటర్ ఒక్కటే చూసి, దాన్ని దిద్దించుకుని ఊరుకుంటారు. ఆరు నెలల తర్వాత కొత్త కంపెనీ వెరిఫికేషన్‌లో పాత కారణమే మళ్లీ బయటపడుతుంది. ఎందుకంటే వెరిఫికేషన్ ఏజెన్సీకి జవాబిచ్చేవాళ్లు సాధారణంగా లేఖను తీసి చదవరు, హెచ్ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న కోడ్ చూసి చెబుతారు. ఆ కోడ్‌ను మేనేజర్ ఒక జాబితాలోంచి ఎంచుకుని ఉంటాడు. ఆ జాబితాలో ఐదారు మాటలకు మించి ఉండకపోవచ్చు.

కాబట్టి చూడాల్సిన చోట్లు ఇవి: టెర్మినేషన్ లెటర్, రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్, హెచ్ఆర్ సాఫ్ట్‌వేర్‌లోని నిష్క్రమణ కోడ్, మళ్లీ ఉద్యోగంలోకి తీసుకోవచ్చా లేదా అనే గుర్తు, ప్రభుత్వ సామాజిక భద్రత లేదా భృతి కార్యాలయానికి కంపెనీ పంపిన సమాచారం, మీరు వెళ్లిపోయినట్టు టీమ్‌కు పంపిన మెయిల్. ఒక్కో చోట ఒక్కో కారణం కనిపిస్తే కంగారు పడొద్దు. మారిన కారణాలకంటే బలమైన ఆధారం మీకు దొరకడం అరుదు.

3. తప్పు ఏ రకమో తేల్చుకోవడం

ఈ మెట్టు దగ్గర తొందరపడితే తర్వాత రాసే లేఖలన్నీ గురి తప్పుతాయి.

మొదటి రకం, వాస్తవం తప్పు. "11 రోజులు గైర్హాజరు" అని రాశారు, అందులో 8 రోజులకు మంజూరైన సెలవు ఉంది. ఇది దిద్దించుకోవడం తేలిక. హాజరు రికార్డు, సెలవు మంజూరు మెయిల్ జత చేస్తే వాదన దాదాపు అయిపోయినట్టే.

రెండో రకం, పేరు తప్పు. నిజానికి పోస్టు ఎత్తేశారు, కాగితం మీద మాత్రం "పనితీరు" అని పెట్టారు. పోస్టు ఎత్తేస్తే పరిహారం ఇవ్వాల్సి వచ్చే చోట ఇలా జరిగే అవకాశం ఎక్కువ. మీరు వెళ్లాక అదే పనికి మరొకరిని తీసుకున్నారా, లేక పని మొత్తం పంచేశారా అన్నది ఇక్కడ కీలకం.

మూడో రకం, వెళ్లిన తీరు తప్పు. తొలగించి రాజీనామా అని రాయడం, లేదా సమాచారం ఇచ్చి సెలవులో ఉన్న మనిషిని "అబ్‌స్కాండింగ్", అంటే చెప్పకుండా ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు, అని రాయడం. ఈ రెండో మాట వెరిఫికేషన్‌లో చాలా చేటు చేస్తుంది, అందుకే దీన్ని ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా ఖండించాలి. మీరు కంపెనీకి సమాచారం ఇచ్చిన ప్రతి మెయిల్, మెసేజ్, కాల్ రికార్డు తేదీలతో సహా ఇక్కడ అవసరం.

నాలుగో రకం, చెప్పిన కారణంలో కొంత నిజం ఉంది గానీ అసలు కారణం అది కాదు. రెండుసార్లు ఆలస్యంగా వచ్చిన మాట నిజమే, కానీ అంతకంటే ఎక్కువ ఆలస్యంగా వచ్చినవాళ్లను ఏమీ అనలేదు, మీరు ఫిర్యాదు చేసిన వారానికే మిమ్మల్ని తీసేశారు. ఇది అన్నిటికంటే కష్టమైనది. దీని గురించి చివర్లో విడిగా ఉంది.

మీ వైపు నిజంగా ఉన్న లోపాన్ని ఇక్కడే నిజాయితీగా రాసుకోండి. లేఖలోని మూడు ఆరోపణల్లో ఒకటి నిజమైతే దాన్ని ఒప్పుకుని మిగతా రెంటిని ఖండించేవాళ్ల మాటకు విలువ ఉంటుంది. మూడూ అబద్ధమని వాదించాక ఒకటి నిజమని తేలితే, మిగతా రెండింటి మీద మీ వాదన కూడా పోతుంది.

4. కాలపట్టిక, ఆధారాలు

ఒక కాగితం మీద ఐదు గడులు గీయండి: తేదీ, జరిగింది, అక్కడున్నవాళ్లు, ఆధారం, ఆ ఆధారం ఎక్కడుంది. చివరి 12 నెలలు చాలు. ఒక్కో వరుసలో ఒక్క సంఘటనే, అభిప్రాయాలు లేకుండా. "మేనేజర్ కక్షగట్టాడు" అన్నది అభిప్రాయం. "మార్చి 14న ఫిర్యాదు ఇచ్చాను, మార్చి 21న నన్ను ప్రాజెక్టు నుంచి తప్పించారు" అన్నది సంఘటన. వరుసలు పేర్చితే చదివినవాళ్లకు అర్థం దానంతటదే అవుతుంది.

పనికొచ్చే కాగితాలు: అప్రైజల్ లెటర్లు, జీతం పెంపు లేదా బోనస్ లెటర్, మెచ్చుకుంటూ వచ్చిన మెయిళ్లు, పే స్లిప్పులు, హాజరు రికార్డు, నియామక పత్రం, క్రమశిక్షణ చర్యల గురించి కంపెనీ రాసుకున్న పాలసీ. ఈ చివరిదాన్ని ఎక్కువమంది మర్చిపోతారు. పనితీరు బాగాలేకపోతే ముందు హెచ్చరిక, తర్వాత పీఐపీ (గడువు పెట్టి పనితీరు మెరుగుపరచుకోమనే ప్రణాళిక), ఆ తర్వాతే తొలగింపు అని కంపెనీయే రాసుకుని ఉండి, మీ విషయంలో ఆ మెట్లేవీ లేకుండా తీసేస్తే, "నిరంతర పనితీరు లోపం" అన్న మాటకు పునాది ఉండదు.

ఇక్కడే పెద్ద ప్రమాదం కూడా ఉంది. కోపంలో ఆఫీసు మెయిల్‌బాక్స్ మొత్తాన్ని సొంత మెయిల్‌కు ఫార్వర్డ్ చేయడం, కస్టమర్ల వివరాలున్న ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసుకోవడం, ల్యాప్‌టాప్ చెరిపేసి ఇవ్వడం చేయొద్దు. తప్పుడు కారణంతో తీసేసిన కంపెనీకి అప్పుడు నిజమైన కారణం మీరే అందించినట్టవుతుంది. మీకోసం ఇచ్చిన కాగితాలు మీ దగ్గర ఉంచుకోవచ్చు. మిగతావాటికి తేదీ, పంపినవాళ్లు, సబ్జెక్టు లైన్ రాసుకోండి. వాటిని భద్రపరచమని రాతపూర్వకంగా అడగడమే సరైన దారి.

5. మొదటి లేఖ: అడగడం మాత్రమే

తొలగింపు తర్వాత 3 నుంచి 5 రోజుల్లో ఒక చిన్న మెయిల్ పంపండి. ఇందులో వాదన వద్దు. ఐదు విషయాలు అడగండి: తొలగింపుకు కారణం, దానికి ఆధారమైన సంఘటనలు తేదీలతో, నిష్క్రమణ కోడ్‌గా ఏం నమోదు చేశారు, వెరిఫికేషన్ అడిగితే ఏం చెబుతారు, మీకు సంబంధించిన మెయిళ్లు, అప్రైజళ్లు, హాజరు రికార్డులు చెరపకుండా ఉంచుతామన్న హామీ.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982లో చేసిన 166వ సిఫారసు ప్రకారం, తొలగించిన ఉద్యోగి అడిగితే కారణాన్ని రాసి ఇవ్వాలి. అదే సిఫారసు ఇంకో మాట చెబుతుంది: ఉద్యోగి అడిగితే ఇచ్చే ధ్రువపత్రంలో చేరిన తేదీ, వెళ్లిన తేదీ, చేసిన పని మాత్రమే ఉండాలి, ప్రవర్తన, పనితీరు గురించిన అంచనా ఉద్యోగి కోరితేనే ఇవ్వాలి. సిఫారసు చట్టం కాదు. అయినా మర్యాదగా ప్రస్తావించడానికి ఇది మంచి కొలమానం.

యూరోపియన్ యూనియన్ డేటా రక్షణ నిబంధన, అంటే జీడీపీఆర్, వర్తించే చోట ఇంకా గట్టి దారి ఉంది. 15వ అధికరణం కింద మీ గురించి కంపెనీ దగ్గరున్న వ్యక్తిగత సమాచారం ప్రతిని అడగవచ్చు. సాధారణంగా ఒక నెలలో ఇవ్వాలి. 16వ అధికరణం కింద తప్పు సమాచారాన్ని దిద్దమనవచ్చు. తేదీ, అంకె, కోడ్ లాంటివాటికి ఇది బాగా పనిచేస్తుంది. మేనేజర్ అభిప్రాయాన్ని దిద్దించడానికి అంతగా పనిచేయదు.

6. రెండో లేఖ: దిద్దమని కోరడం

జవాబు వచ్చినా, 10 పనిదినాల్లో రాకపోయినా, ఈ లేఖ వెళ్లాలి. ఒక్క పేజీ దాటొద్దు. ఇందులో మూడే భాగాలు: ఇప్పుడున్న వాక్యం, అది ఎందుకు తప్పు, దాని బదులు ఉండాల్సిన వాక్యం. మూడో భాగం లేకుండా పంపే లేఖలే ఎక్కువ, అవే ఎక్కువగా విఫలమవుతాయి. "న్యాయం చేయండి" అంటే హెచ్ఆర్‌కు ఏం చేయాలో తెలియదు. వాక్యం మీరే రాసిస్తే వాళ్ల పని సంతకం పెట్టడం వరకే మిగులుతుంది.

నమూనా ఇలా ఉండవచ్చు:

"జూన్ 6 నాటి తొలగింపు లేఖ రెండో పేరాలో 'నిరంతర పనితీరు లోపం కారణంగా' అని ఉంది. ఇది రికార్డులకు సరిపోవడం లేదు. ఏప్రిల్ 10 నాటి అప్రైజల్‌లో నా పనిని 'అంచనాలకు మించి' అని నమోదు చేశారు (జత 1). మే 2న బోనస్ మంజూరు చేశారు (జత 2). నాకు హెచ్చరిక లేఖ గానీ పీఐపీ గానీ ఎప్పుడూ ఇవ్వలేదు. జూన్ 5 మీటింగ్‌లో ఈ పోస్టును తీసేస్తున్నట్టు చెప్పారు (జత 3, ఆ రోజు నోట్సు). కాబట్టి ఆ వాక్యాన్ని 'సంస్థ పునర్వ్యవస్థీకరణలో ఈ పోస్టు రద్దయినందున' అని మార్చి, సవరించిన లేఖ ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. హెచ్ఆర్ సాఫ్ట్‌వేర్‌లోని నిష్క్రమణ కోడ్‌ను, ప్రభుత్వ కార్యాలయానికి పంపిన సమాచారాన్ని కూడా అదే ప్రకారం మార్చగలరు. జూన్ 27 లోగా జవాబు ఆశిస్తున్నాను."

మేనేజర్ గుణగణాలు, ఇంట్లో ఇబ్బందులు, "మీడియాకు వెళ్తాను" అన్న హెచ్చరికలు ఇందులో ఉండకూడదు. ఇబ్బందులు నిజమే, వాటికి విలువ లేదని ఎవరూ అనరు. కానీ ఈ కాగితం రేపు మూడో మనిషి, బహుశా న్యాయమూర్తి, చదివేది. కొన్ని చోట్ల బెదిరింపు మాటే మీ మీద ఫిర్యాదుగా మారుతుంది. మెయిల్‌తో పాటు రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపి రసీదు దాచుకోండి. మేనేజర్‌కు కాకుండా హెచ్ఆర్ అధిపతికి పంపండి, ఎందుకంటే తప్పు రాసిన మనిషే దాన్ని దిద్దడానికి ఇష్టపడటం అరుదు.

7. గడువులు ఎవరికోసమూ ఆగవు

ఈ ఉత్తరాలు నడుస్తుండగా చట్టపరమైన గడువు నిశ్శబ్దంగా దాటిపోవడమే ఈ మొత్తం వ్యవహారంలో జరిగే అతి పెద్ద నష్టం. కంపెనీతో చర్చలు జరుగుతున్నాయన్నంత మాత్రాన సాధారణంగా ఆ గడువు ఆగదు. జర్మనీలో రాతపూర్వక తొలగింపు అందిన 3 వారాల్లో కార్మిక కోర్టుకు వెళ్లకపోతే, కారణం తప్పైనా ఆ తొలగింపు చెల్లుబాటైనట్టే లెక్క. ఆస్ట్రేలియాలో అన్యాయమైన తొలగింపు దరఖాస్తుకు 21 రోజులే. అమెరికాలో వివక్ష ఫిర్యాదును ఫెడరల్ సంస్థకు ఇవ్వడానికి 180 రోజులు, కొన్ని పరిస్థితుల్లో 300 రోజులు.

అందుకే మొదటి వారంలోనే కార్మిక శాఖ కార్యాలయం, యూనియన్ లేదా ఉద్యోగ చట్టాలు చూసే లాయరును ఒకే ప్రశ్న అడగండి: "నా విషయంలో ఏ ఫిర్యాదుకు ఏ తేదీ ఆఖరు?" ఆ తేదీని కాలపట్టిక పైన పెద్ద అక్షరాలతో రాయండి. దానికి 7 రోజుల ముందు వరకే చర్చలు. ఆ తర్వాత కంపెనీ ఎంత తీయగా మాట్లాడినా ఫిర్యాదు దాఖలు చేయాలి, చర్చలు ఆ తర్వాత కూడా సాగించవచ్చు. కంపెనీలో అప్పీలు పద్ధతి ఉంటే దాన్నీ వాడండి. దాని గడువు ఇంకా చిన్నది, కొన్ని పాలసీల్లో 5 పనిదినాలే.

8. కంపెనీ జవాబులు, వాటికి మీ స్పందన

జవాబే లేకపోతే 7 రోజులకు ఒక గుర్తుచేసే మెయిల్, ఆ తర్వాత లాయరు నోటీసు లేదా కార్మిక అధికారి దగ్గర ఫిర్యాదు. మౌనం కూడా రికార్డే.

"మా నిర్ణయం మారదు" అంటే, మీ ఖండన లేఖను మీ పర్సనల్ ఫైలులో చేర్చమని అడగండి. ఇది చిన్న విజయమే, అయినా తర్వాత ఎవరు ఫైలు తెరిచినా రెండు వైపులా కనిపిస్తాయి.

"రాజీనామాగా మారుస్తాం" అని ముందుకొస్తే పైన చెప్పిన నష్టాలన్నీ గుర్తుచేసుకోండి. పరిహారం, భృతి, ఫిర్యాదు హక్కు ఏమవుతాయో రాసి చూపించాకే ఆలోచించాలి. దానికంటే చాలాసార్లు మెరుగైనది తటస్థ పదం: "పరస్పర అంగీకారంతో ఉద్యోగ ఒప్పందం ముగిసింది", లేదా కారణమే లేకుండా తేదీలు, హోదా మాత్రమే.

ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టాల్సి వస్తే లాయరుకు చూపించకుండా పెట్టొద్దు. అందులో ముఖ్యంగా చూడాల్సినవి: వెరిఫికేషన్‌కు ఇచ్చే జవాబు పూర్తి పాఠం అనుబంధంగా ఉందా, దాన్ని ఎవరు, ఏ మెయిల్ నుంచి ఇస్తారు, సాఫ్ట్‌వేర్ కోడ్ ఏ తేదీలోగా మారుస్తారు, ఒకరి గురించి ఒకరు చెడుగా మాట్లాడకూడదన్న షరతు కంపెనీకి కూడా వర్తిస్తుందా, మీకొక్కరికేనా, మీరు ఏయే హక్కులు వదులుకుంటున్నారు. "మంచి రిఫరెన్స్ ఇస్తాం" అన్న ఒట్టి మాటకు విలువ లేదు. ఆ మాట ఇచ్చిన మనిషి రేపు ఆ కంపెనీలో ఉండకపోవచ్చు.

9. ఈలోగా కొత్త ఉద్యోగానికి ఏం చెప్పాలి

దరఖాస్తులో అబద్ధం రాయొద్దు. తొలగింపును రాజీనామా అని రాస్తే, పాత కంపెనీ చేసిన తప్పు మరుగున పడి మీ తప్పే మిగులుతుంది. కారణం గడిలో ఇలా రాయవచ్చు: "సంస్థ తొలగించింది. పేర్కొన్న కారణాన్ని రాతపూర్వకంగా ఖండించాను, సవరణ పరిశీలనలో ఉంది." ఇంటర్వ్యూలో మూడు వాక్యాలు దాటకుండా చెప్పండి, గొంతులో కోపం లేకుండా: ఏం రాశారు, రికార్డు ఏం చెబుతోంది, ఇప్పుడు ఎక్కడ ఉంది. అడిగితే అప్రైజల్ చూపించడానికి సిద్ధంగా ఉంచుకోండి. గోప్యత ఒప్పందం ఉంటే దానికి లోబడే మాట్లాడాలి.

వెరిఫికేషన్ వల్ల ఆఫర్ ఆగిపోయిందని అనుమానమొస్తే రిపోర్టు ప్రతి అడగండి. అమెరికాలో ఏజెన్సీ రిపోర్టును మీరు సవాలు చేస్తే సాధారణంగా 30 రోజుల్లో మళ్లీ విచారించాలని చట్టం ఉంది. అలాంటి చట్టం లేని చోట కూడా రిపోర్టు చూపించమని మర్యాదగా అడిగితే చాలా కంపెనీలు కనీసం ఆ వాక్యం చదివి వినిపిస్తాయి.

10. తప్పుడు కారణం వెనక దాచిన కారణం ఉంటే

నాలుగో రకం తప్పు ఇది, దీనికి పద్ధతి వేరు. కారణం దిద్దించుకోవడం ఇక్కడ చాలదు. 1982 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 158వ ఒప్పందం 5వ అధికరణం ఏవి న్యాయమైన కారణాలు కావో చెబుతుంది: యూనియన్ సభ్యత్వం, యజమాని మీద ఫిర్యాదు చేయడం, జాతి, రంగు, స్త్రీ పురుష భేదం, వైవాహిక స్థితి, కుటుంబ బాధ్యతలు, గర్భం, మతం, రాజకీయ అభిప్రాయం లాంటివి. అనారోగ్యం వల్ల తాత్కాలికంగా రాకపోవడం కూడా న్యాయమైన కారణం కాదని 6వ అధికరణం అంటుంది. ప్రవర్తన, పనితీరు పేరుతో తీసేసే ముందు సంజాయిషీకి అవకాశం ఇవ్వాలన్నది 7వ అధికరణం. ఈ ఒప్పందం దాన్ని ఆమోదించిన దేశాలకే కట్టుబాటు, కానీ ఆమోదించని చాలా దేశాల చట్టాల్లో కూడా ఇలాంటి రక్షణలు ఏదో ఒక రూపంలో ఉన్నాయి.

అసలు కారణం వేరే ఉందని చూపే గుర్తులు నాలుగు. ఫిర్యాదుకు లేదా గర్భం గురించి చెప్పడానికి, తొలగింపుకు మధ్య దూరం రోజుల్లో ఉండటం. అదే తప్పు చేసిన ఇతరులను వదిలేయడం. కారణం చెప్పిన ప్రతిసారీ మారడం. కంపెనీ తన సొంత పద్ధతిని దాటవేయడం. అమెరికా సుప్రీం కోర్టు 2000లో రీవ్స్ కేసులో, యజమాని చెప్పిన కారణం అబద్ధమని తేలితే, ప్రాథమిక ఆధారాలతో కలిపి దాన్ని చూసి జ్యూరీ వివక్ష జరిగిందని నిర్ణయించవచ్చని చెప్పింది. అబద్ధం దేన్నో దాచడానికే ఉంటుందన్నది అక్కడ తర్కం.

ఈ గుర్తుల్లో రెండైనా మీ కాలపట్టికలో కనిపిస్తే, 6వ మెట్టులోని లేఖ పంపడానికి ముందే లాయరును కలవండి. మీరే "పునర్వ్యవస్థీకరణ అని మార్చండి" అని రాసిచ్చాక, అసలు కారణం వివక్ష అని వాదించడం కష్టమవుతుంది.

11. దిద్దాక సరిచూసుకోవడం

సవరించిన లేఖలో పాత లేఖ తేదీ చెప్పి, "ఆ లేఖ రద్దయింది, దాని స్థానంలో ఇది" అన్న వాక్యం ఉండాలి. అది లేకపోతే ఫైలులో రెండు లేఖలూ ఉంటాయి. కోడ్ మార్చినట్టు హెచ్ఆర్ నుంచి విడిగా మెయిల్ తీసుకోండి. 30 రోజుల తర్వాత వెరిఫికేషన్‌కు ఇప్పుడు ఏం చెబుతున్నారో రాతపూర్వకంగా అడగండి, ప్రభుత్వ పోర్టల్‌లో మీ ఖాతా తెరిచి వెళ్లిన కారణం గడి చూసుకోండి. పాత లేఖ, కొత్త లేఖ, మధ్యలో నడిచిన మెయిళ్లు అన్నీ ఒకే ఫైలులో పెట్టి, ఆ తర్వాతి రెండు ఉద్యోగాల వెరిఫికేషన్లు పూర్తయ్యేదాకా దాచి ఉంచండి.